కూలకముందే కాచే నౌక

జట్టుగా ఆడే ఆన్‌లైన్ ఆటల్లో ఎదుటివారిని కొట్టేవారు, ఆ దెబ్బలకు ఎదురొడ్డి నిలబడేవారు, దెబ్బతిన్నవారిని మళ్లీ నిలబెట్టేవారు అని పాత్రలు మూడు రకాలుగా విడిపోయి ఉంటాయి. వీటిలో మూడో పాత్రను ఆటగాళ్లు ‘హీలర్’ అని, ఇంకా విశాలమైన అర్థంలో ‘సపోర్ట్’ అని పిలుస్తారు. 1974లో అచ్చైన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే బల్లమీది ఆటలో యోధుడికీ మాంత్రికుడికీ తోడుగా, ప్రార్థనతో గాయాలు మాన్పే మతగురువు పాత్ర మొదట కనిపించింది. 1999లో వచ్చిన ‘ఎవర్‌క్వెస్ట్’, 2004లో వచ్చిన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ ఆ పాత్రను కంప్యూటర్ తెర మీదికి తెచ్చి, అది లేకపోతే పెద్ద పోరు ఏదీ గెలవలేని స్థితిని కల్పించాయి. అంతరిక్ష నౌకల ఆటల దాకా వచ్చేసరికి గాయం మనిషిది కాక నౌకది అయింది, మందు స్థానంలోకి మరమ్మతు వచ్చింది, వైద్యుడు ఆయుధం లేని నౌకకు సారథి అయ్యాడు. తుపాకీ పేల్చకుండానే యుద్ధం మధ్యలో నిలబడే ఈ సారథ్యం చూడడానికి తేలికగా ఉన్నా, నేర్చుకోవడానికి మాత్రం ఆ ఆటలన్నిటిలోకీ కఠినమైన విద్యల్లో ఒకటి.

ఈ విద్య గురించి హైదరాబాద్‌లోని మధురానగర్ నుంచి ఆలోచించడంలో ఒక ఔచిత్యం ఉంది. ఒక పక్క అమీర్‌పేట, ఎస్.ఆర్.నగర్, మరో పక్క యూసఫ్‌గూడ, కృష్ణానగర్, వాటిని దాటి ఎక్కితే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్: ఈ మధ్యలో ఒదిగిన కాలనీ ఇది. సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం అమీర్‌పేటకు వచ్చే యువకులు అద్దెకుండే హాస్టళ్లు ఒకవైపు, సినిమా పనుల కోసం వచ్చినవారు పిలుపు కోసం ఎదురుచూసే కృష్ణానగర్ వీధులు మరోవైపు ఉండడంతో, తెర మీద కనిపించే వెలుగుకు వెనక ఉండి పనిచేసే మనుషులు ఇక్కడ ప్రతి సందులోనూ తారసపడతారు. తెలుగు సినిమా పరిశ్రమ తనను తాను ‘24 క్రాఫ్ట్‌లు’ అని లెక్కపెట్టుకుంటుంది. వాటిలో ప్రేక్షకుడికి పేరు తెలిసేవి నాలుగైదుకు మించవు.

మధురానగర్‌కు దగ్గరలోనే, అమీర్‌పేట – ఎల్లారెడ్డిగూడ ప్రాంతంలో సారథి స్టూడియో ఉంది. చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్ అండతో గూడవల్లి రామబ్రహ్మం 1938లో ‘మాలపిల్ల’ను, 1939లో ‘రైతుబిడ్డ’ను తీసిన సంస్థ పేరే ఈ స్టూడియోకు వచ్చింది. తెలుగు చిత్రసీమ ఇంకా మద్రాసులోనే ఉన్న 1950లలో హైదరాబాద్‌లో వెలిసిన తొలి స్టూడియోగా దానికి చరిత్రలో చోటుంది. సారథి అంటే రథం నడిపేవాడు, విల్లు పట్టనివాడు. మహాభారతంలోని అరణ్యపర్వంలో సాల్వుడి బాణానికి ప్రద్యుమ్నుడు మూర్ఛపోతే, అతడి సారథి రథాన్ని యుద్ధభూమి నుంచి పక్కకు తప్పిస్తాడు. తెలివి వచ్చిన ప్రద్యుమ్నుడు తనకు అపకీర్తి తెచ్చావని మండిపడితే, రథికుణ్ణి కాపాడడమే సారథి ధర్మమని అతడు బదులిస్తాడు. అంతరిక్ష ఆటల్లో మరమ్మతు నౌక నడిపేవారి నీతి కూడా ఇదే: రథికుడి కీర్తి సంగతి రథికుడే చూసుకుంటాడు, సారథి చూడవలసింది అతడి ప్రాణాన్ని.

సంజీవని లేని యుద్ధం

తెలుగు యువతలో ఎక్కువమందికి హీలర్ పనితో తొలి పరిచయం 2018లో వచ్చిన ‘పబ్‌జీ మొబైల్’ ద్వారానే కలిగింది. ఆ ఆటలో తూటా తగిలినవాడు వెంటనే చావడు, మోకాళ్ల మీద పడి పాకుతాడు. జతగాడు దగ్గరికి వచ్చి కొన్ని సెకన్లు అక్కడే ఉంటే మళ్లీ లేస్తాడు. దాన్నే ‘రివైవ్’ అంటారు. ‘అన్నా, రివైవ్ ఇవ్వన్నా’ అనే కేక హైదరాబాద్ హాస్టల్ గదుల్లో ఒకప్పుడు రాత్రంతా వినిపించేది. 2020 సెప్టెంబర్‌లో ప్రభుత్వం ఆ ఆటను నిషేధించినా, 2021లో అది ‘బీజీఎంఐ’ పేరుతో తిరిగి వచ్చింది, ఆ కేకా దాంతోపాటే వచ్చింది. అయితే ఇలా నేర్చుకున్న వైద్యంలో ఒక అలవాటు దాగి ఉంది: మనిషి పడ్డాక పరుగెత్తడం. అంతరిక్ష ఆటల్లో నేర్చుకోవడం మొదలుపెట్టినవారు మొట్టమొదట మానుకోవలసింది ఆ అలవాటునే.

ఆ ఆటలన్నిటిలో మరమ్మతు విద్య బాగా పండింది ‘ఈవ్ ఆన్‌లైన్’లో. ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లోని సీసీపీ గేమ్స్ సంస్థ 2003 మే 6న దీన్ని విడుదల చేసింది. చైనాకు వేరుగా ఉన్న సర్వర్‌ను మినహాయిస్తే, ప్రపంచంలోని ఆటగాళ్లందరూ ‘ట్రాంక్విలిటీ’ అనే ఒకే సర్వర్‌లో, అంటే ఒకే ఆకాశం కింద ఆడతారు. ఇక్కడ పేలిపోయిన నౌక ఇక లేనట్టే; దాన్ని కొనడానికి నెలల తరబడి కూడబెట్టిన ఆట సొమ్ము కూడా దాంతోపాటే పోతుంది. రామాయణ యుద్ధకాండలో ఇంద్రజిత్తు అస్త్రానికి వానరసేన కూలినప్పుడు జాంబవంతుడు హనుమంతుడికి నాలుగు ఓషధుల పేర్లు చెబుతాడు: చచ్చినవారిని బతికించే మృతసంజీవని, ఒంట్లో దిగిన బాణాలను లాగే విశల్యకరణి, విరిగిన ఎముకలను అతికే సంధానకరణి, పోయిన మేని వన్నెను తెచ్చే సావర్ణ్యకరణి. ఈవ్ ఆటలోని వైద్యుడి సంచిలో మొదటిది లేదు. అతడి దగ్గర ఉన్నది సంధానకరణి ఒక్కటే, అది కూడా నౌక కూలకముందే చేరితేనే పనిచేస్తుంది.

ఆ మందు పనిచేసే తీరు తెలియాలంటే నౌక నిర్మాణం గురించి కొంత చెప్పుకోవాలి. ప్రతి నౌకకూ మూడు పొరలు ఉంటాయి: బయట శక్తితో అల్లిన ‘షీల్డ్’, దాని లోపల లోహపు కవచమైన ‘ఆర్మర్’, ఆ లోపల నౌక ఒడలే అయిన ‘హల్’. షీల్డ్ తనంతట తాను కొంత కోలుకుంటుంది, ఆర్మర్‌కు ఆ గుణం లేదు, హల్ దాకా దెబ్బ వచ్చిందంటే నౌక సాధారణంగా చేయి దాటిపోయినట్టే. ఇతరుల షీల్డ్‌ను నింపే యంత్రాలు కొన్ని, ఇతరుల ఆర్మర్‌ను అతికే యంత్రాలు కొన్ని వేర్వేరుగా ఉంటాయి. దళం మొత్తం ముందుగానే ఏదో ఒక పొరను నమ్ముకుని నౌకలను సిద్ధం చేసుకుంటుంది, వైద్యులు కూడా దానికి తగిన యంత్రాలతోనే వస్తారు. ఈ పనికే పుట్టిన నౌకలను ఆటలో ‘లాజిస్టిక్స్’ అని, నోటి వాడుకలో ‘లాజి’ అని అంటారు. పెద్దవాటిలో గార్డియన్, ఒనైరోస్ అనేవి ఆర్మర్‌ను బాగుచేస్తాయి, బసిలిస్క్, సిమిటార్ అనేవి షీల్డ్‌ను నింపుతాయి.

రెండు మరమ్మతుల మధ్య ఉన్న ఒక చిన్న తేడా మొత్తం యుద్ధం నడకనే మార్చేస్తుంది. యంత్రాన్ని ఆన్ చేసిన ప్రతిసారీ అది కొన్ని సెకన్ల ఆవర్తనం పూర్తి చేస్తుంది; షీల్డ్ యంత్రం ఆ ఆవర్తనం మొదట్లోనే బలాన్ని అందిస్తే, ఆర్మర్ యంత్రం ఆవర్తనం ముగిశాకే అందిస్తుంది. కాబట్టి ఆర్మర్ దళంలో దెబ్బతినే నౌక ఆ కొన్ని సెకన్లు తన ఒంటి బలంతోనే బతికి ఉండాలి. షీల్డ్ వైద్యుడికి చేయి వేగం చాలు. ఆర్మర్ వైద్యుడికి ముందుచూపు కూడా కావాలి, ఎందుకంటే అతడు ఈ క్షణంలో నొక్కిన మీట రాబోయే క్షణానికి సంబంధించినది.

దీనికి తోడు ‘రెసిస్టెన్స్’ అనే నిరోధశక్తి లెక్క ఒకటుంది. ఈ పాత్ర విలువ అంతా అందులోనే ఉందని అనవచ్చు. ఒక నౌక కవచానికి నూటికి 80 పాళ్ల నిరోధం ఉందనుకుంటే, శత్రువులు 1,000 పాళ్ల దెబ్బ కొట్టినా దానికి తగిలేది 200 మాత్రమే. వైద్యుడు పూడ్చవలసింది ఆ 200నే. అంటే అతడు పెట్టే ఒక పాలు మరమ్మతు, శత్రువు పెట్టిన ఐదు పాళ్ల శ్రమను వమ్ము చేస్తుంది. నిరోధం 90 పాళ్లకు చేరితే అదే మరమ్మతు పది రెట్ల పని చేస్తుంది. మంచి దళంలో నలుగురు వైద్యులు ఉంటే వారికంటే ఎన్నో రెట్లు ఎక్కువమంది కొట్టినా ఒక్క నౌకను కూల్చలేకపోవడం వెనక ఉన్నది ఈ లెక్కే. దీనికి ఎదుటి పక్షం దగ్గర ఉన్న విరుగుడు కూడా అంత సూటిగానే ఉంటుంది: అందరూ ఒకే క్షణంలో ఒకే నౌక మీద గుండ్లు కురిపించి, మరమ్మతు చేరేలోపే మూడు పొరలనూ చీల్చేయడం. దీన్ని ‘ఆల్ఫా’ దెబ్బ అంటారు. దాని ముందు ఏ వైద్యమూ నిలవదు. ఆ ఓటమి వైద్యుడి తప్పిదం కాదని కొత్తవారికి మొదటి వారంలోనే చెప్పవలసిన అవసరం ఉంది.

పేర్ల పట్టిక

ఈ ఆటలోని పోరాటాలు దూరం నుంచి చూసేవారికి మహా సుందరంగా ఉంటాయి: నీలి నీహారికల ముందు వందల నౌకలు, వాటి మధ్య రంగురంగుల కిరణాలు. లాజి నడిపేవారు ఆ దృశ్యాన్ని చూడరు. వారి చూపంతా తెర ఒక పక్కన చిన్న అక్షరాల్లో కదిలే పేర్ల పట్టిక మీదే ఉంటుంది. ఫిల్మ్‌నగర్ పరిభాషలో దీనికి సరిగ్గా సరిపోయే మనిషి ఫోకస్ పుల్లర్. కెమెరా పక్కన నిలబడే ఆ సహాయకుడు షాట్‌కు ముందే టేపు పట్టి నటుడికీ లెన్సుకూ మధ్య దూరం కొలుస్తాడు, నేల మీద మార్కులు వేస్తాడు, తన చక్రం మీద గుర్తులు పెట్టుకుంటాడు; షాట్ నడుస్తున్నంతసేపూ కథానాయకుడి కంట నీరు వచ్చిందో లేదో అతడికి పట్టదు, ఆయన ఆరడుగుల దూరంలో ఉన్నాడా ఐదున్నర అడుగుల దూరంలో ఉన్నాడా అన్నదే పడుతుంది. అతడు సరిగ్గా చేసినప్పుడు ఎవరూ గమనించరు, అరక్షణం తప్పితే మాత్రం ముఖం మసకబారి షాట్ మళ్లీ తీయవలసి వస్తుంది.

ఒక పోరును సెకన్ల లెక్కన విడదీసి చూస్తే ఈ పని స్వరూపం బయటపడుతుంది. ఎదుటి దళపతి ఒక పేరు పిలుస్తాడు. అతడి మనుషులు ఆ నౌకకు గురి పెట్టడం మొదలుపెడతారు. గురి కుదరగానే, ఆ నౌక నడిపేవారి తెర మీద శత్రువుల గుర్తుల చుట్టూ పసుపు చట్రాలు వెలుగుతాయి. కాల్పులు మొదలైతే అవి ఎర్రబడతాయి. తెలిసిన ఆటగాడు ఎరుపు దాకా ఆగడు, పసుపు గుంపుగా వెలిగినప్పుడే ‘ఆర్మర్ కావాలి’ అనే సంకేతాన్ని మీట నొక్కి పంపుతాడు. దీన్ని ‘బ్రాడ్‌కాస్ట్’ అంటారు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ సేవ తెలుగువారికి నేర్పిన పాఠమే ఇక్కడా వర్తిస్తుంది: కబురు ఎంత ముందుగా అందితే బతికే అవకాశం అంత పెరుగుతుంది, కబురు పంపడానికి మొహమాటపడినవారి దగ్గరికి వైద్యం చేరదు.

వైద్యుడి పట్టికలో ఆ పేరు పైకి వస్తుంది. అతడు కంట్రోల్ మీట నొక్కిపట్టి ఆ పేరు మీద క్లిక్ చేస్తాడు. తన నౌక ఆ నౌకను పట్టుకోవడానికి, అంటే ‘లాక్’ చేయడానికి, కొన్ని సెకన్లు పడుతుంది. నౌక ఎంత చిన్నదైతే పట్టుకోవడానికి అంత ఎక్కువ సమయం కావాలి. లాక్ పడగానే ఎఫ్1, ఎఫ్2, ఎఫ్3, ఎఫ్4 మీటలు వరసగా నొక్కితే నాలుగు యంత్రాలు పనిలోకి దిగుతాయి. అవతలి నౌక చట్రంలో కవచాన్ని చూపే గీత తరిగిపోతూ తరిగిపోతూ, తొలి ఆవర్తనం ముగిసిన క్షణంలో ఒక్క మెట్టు వెనక్కి వస్తుంది. ఆ మెట్టును తొలిసారి చూసినవారు ఈ పాత్రను మళ్లీ వదలరంటే అందులో అతిశయోక్తి లేదు.

అంతలో పట్టికలోకి రెండో పేరు వస్తుంది. కొత్తవారు తప్పుచేసేది ఈ క్షణంలోనే. నాలుగు యంత్రాలనూ మొదటి నౌక నుంచి పీకి రెండోదాని మీద పెడతారు. అది గమనించిన శత్రువు వెంటనే మొదటిదాని మీదికి తిరిగి వచ్చి, సగం మానిన ఆ నౌకను కూల్చేస్తాడు. అనుభవజ్ఞులు ఒకటో రెండో యంత్రాలను పాత నౌక మీదే వదిలి, మిగతావి మాత్రమే మళ్లిస్తారు. పదిమంది వైద్యులున్న దళంలో దీనికి సరిగ్గా వ్యతిరేకమైన చిక్కు వస్తుంది: పదిమందీ ఒకే పేరు మీద పడితే మరమ్మతు వృథాగా పొంగిపోతుంది, పక్కనే మరొక నౌక ఒంటరిగా చచ్చిపోతుంది. అందుకే వైద్యులు తమలో తాము పంచుకుంటారు. దళపతి మాటలతో గందరగోళం కాకుండా వారికి వేరే మాటల గొట్టం, అంటే ప్రత్యేక వాయిస్ ఛానెల్, ఉంటుంది. అందులో వినిపించేవి ఎక్కువగా పేర్లే, మధ్యమధ్య ‘పట్టాను’, ‘వదిలాను’ అనే అర్థం వచ్చే ఒకటి రెండు ఇంగ్లిష్ మాటలు. ముఖ్యులైనవారి నౌకలను ముందుగానే ‘వాచ్‌లిస్ట్’ అనే చిన్న జాబితాలో పెట్టుకోవడం, పోరు మొదలవకముందే వారిని లాక్ చేసి ఉంచుకోవడం కూడా ఈ విద్యలో భాగాలే.

తన మందు తనకు పనికిరాదు

లాజి నౌకలోని ఈ మరమ్మతు యంత్రాలు ఇతరుల మీదే పనిచేస్తాయి. నడిపేవాడు తన నౌకను తానే లాక్ చేసుకుని బాగుచేసుకోలేడు. శత్రువు దళపతికి ఈ సంగతి బాగా తెలుసు కనుక, తెలివైనవాడు మొదట పిలిచే పేర్లు వైద్యులవే. కొన్ని నౌకలు పనిగట్టుకుని వైద్యుడి సెన్సార్లను మసకబార్చి అతడు పట్టుకున్న లాకులన్నీ తెంపేస్తాయి. అప్పుడు అతడు తోటి వైద్యుల దయ మీద బతకాలి. ఒంటరి వైద్యుడు ఈ ఆటలో బహు బలహీనుడు. ఇద్దరైతే ఒకరికొకరు ప్రాణం, ముగ్గురైతే కోట.

ఈ పరస్పరత్వం శక్తి పంపిణీలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. నౌకలోని యంత్రాలన్నీ ‘కెపాసిటర్’ అనే శక్తి నిల్వ మీద నడుస్తాయి. మరమ్మతు యంత్రాలు దాన్ని ఎంత వేగంగా తాగేస్తాయంటే గార్డియన్ గానీ బసిలిస్క్ గానీ తన నిల్వతోనే అయితే ఎక్కువసేపు పనిచేయలేదు. దీనికి ఆట రూపకర్తలు పెట్టిన పరిష్కారం అద్భుతమైనది. ఆ రెండు నౌకలు తమ శక్తిని మరొకరికి పంపినప్పుడు ఖర్చయ్యేదానికంటే అందేది ఎక్కువగా ఉండేలా వాటికి ప్రత్యేక బలం ఇచ్చారు. అంటే తన కోసం దాచుకుంటే అడుగంటిపోయే శక్తి, పక్కవాడికి ఇస్తే పెరుగుతుంది. మొదటివాడు రెండోవాడికి, రెండోవాడు మూడోవాడికి, మూడోవాడు తిరిగి మొదటివాడికి శక్తి పంపుతూ వలయం కడతారు. దీన్ని ‘క్యాప్ చైన్’ అంటారు. గార్డియన్‌కు ఉండే ఆరు ప్రధాన స్థానాల్లో నాలుగింటిలో మరమ్మతు యంత్రాలు, రెండింటిలో శక్తి పంపే యంత్రాలు పెట్టడం చాలాకాలంగా ఉన్న సంప్రదాయం. వలయంలో ఒకరు కూలినా, ఒకరు మరచినా శక్తి ఆగిపోతుంది కనుక, మిగిలినవారు ఊపిరి తీసుకునేలోపే వలయాన్ని మళ్లీ ముడివేయాలి. సాధన చేసేవారు పోరాటం కంటే ముందు దీన్నే, ఖాళీ ఆకాశంలో, పదే పదే ముడివేసి విప్పి నేర్చుకుంటారు. ఒనైరోస్, సిమిటార్ నౌకలకు ఈ వలయం అక్కరలేదు; అవి తేలికగా, వేగంగా, స్వతంత్రంగా తిరుగుతాయి. చిన్న దళాలకు అవే అనువైనవైనా, ఈ విద్యలోని సారం తెలియాలంటే గార్డియన్ వలయంలో ఒక్కసారైనా కూర్చోవలసిందే.

లండన్ గంట, మధురానగర్ రాత్రి

ట్రాంక్విలిటీ సర్వర్ ఉండేది లండన్‌లో. హైదరాబాద్ నుంచి అక్కడికి గాలిలో గీత గీస్తే దాదాపు 7,700 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కనుక, తీగ తిన్నగా వేసినా సందేశం వెళ్లి రావడానికి సెకనులో పదమూడో వంతు పడుతుంది. సముద్రం అడుగున వంకర్లు తిరిగే నిజమైన దారిలో అంతకంటే బాగా ఎక్కువే అవుతుంది. ఆటగాళ్లు ‘పింగ్’ అని పిలిచే ఈ ఆలస్యం, తుపాకులు పేల్చే ఆటల్లో గెలుపోటములను నిర్ణయించేంత పెద్దది. ఈవ్‌లో అలా కాదు. అక్కడి సర్వర్ లోకాన్ని సెకనుకు ఒకసారి మాత్రమే లెక్కగడుతుంది. లండన్‌లో పక్క వీధి నుంచి నొక్కిన మీట, మధురానగర్ హాస్టల్ గదిలో నొక్కిన మీట, రెండూ తరచుగా ఒకే లెక్కలో పడతాయి. ఖరీదైన కంప్యూటర్, మెరుపు వేగపు తీగ లేనివారికి కూడా సమానంగా నిలబడే చోటు ఇచ్చే పాత్ర ఇది. ఇక్కడ తేడా తెచ్చేది ఏకాగ్రతే. పెద్ద ఆటలన్నీ ఖర్చుతో కూడిన పోటీలుగా మారుతున్న కాలంలో ఈ సమానత్వం చిన్న విషయం కాదు.

కష్టం వేళల్లో ఉంది. లండన్‌లో రాత్రి 8 గంటలకు పెద్ద దళాలు బయల్దేరితే ఇక్కడ వేసవిలో పన్నెండున్నర, చలికాలంలో ఒంటిగంటన్నర అవుతుంది. 2019లో మధురానగర్ మీదుగా నడవడం మొదలైన మెట్రో రైళ్లు కూడా ఆగిపోయాక, వీధి కుక్కలు తప్ప మరేమీ వినిపించని వేళ అది. తెల్లవారి తరగతి గానీ ఉద్యోగం గానీ ఉన్నవారు ఈ వేళను వారానికి ఒక రాత్రికి పరిమితం చేసుకోవడం మంచిది. నిద్రలేని కళ్లు పట్టికలో పేరు చూస్తాయి గానీ చదవవు, అలసిన వైద్యుడు దళానికి బరువే. ఆస్ట్రేలియావారి సాయంత్రం ఇక్కడి మధ్యాహ్నంతో కలుస్తుంది కనుక, ఆదివారం భోజనమయ్యాక వారితో కలిసి ఆడడం ఆరోగ్యానికి మేలైన మార్గం. సర్వర్‌ను రోజూ శుభ్రం చేయడానికి ఆపే వేళ ఇక్కడి లెక్కలో సాయంత్రం నాలుగున్నర.

చాలా పెద్ద యుద్ధాల్లో ఈ కాల గణనే మారిపోతుంది. వేల నౌకలు ఒకచోట చేరితే సర్వర్ కూలిపోకుండా కాలాన్ని పదో వంతు వేగానికి తగ్గిస్తుంది. 2014 జనవరి 27, 28 తేదీల్లో ‘బీ-ఆర్5ఆర్‌బీ’ అనే నక్షత్ర మండలంలో 7,500 మందికి పైగా పాల్గొన్న యుద్ధం 21 గంటలు సాగింది, ఆటలోకెల్లా పెద్దవైన టైటన్ నౌకలు 75 నాశనమయ్యాయి. ఆ మండలం మీద హక్కుకు కట్టవలసిన రుసుము ఒకటి సమయానికి చెల్లించబడకపోవడం దాని మూలకారణం. కీర్తి లేని చిన్న పని ఒకటి జరగకపోతే ఎంత నష్టం వస్తుందో ఆ ఆట చరిత్రలో దీనికి మించిన ఉదాహరణ లేదు.

నేర్చుకునే దారి

డబ్బు కట్టకుండా ఆడేవారికి కూడా ఈ విద్యలో ప్రవేశం ఉంది. బాంటమ్, బర్స్ట్, ఇన్‌క్విజిటర్, నావిటాస్ అనే నాలుగు చిన్న నౌకలు కొత్తవారి కోసమే అన్నట్టు చవకగా దొరుకుతాయి. పది కూలినా పెద్ద దిగులు ఉండదు. వాటి తరువాతి మెట్టు ఆస్ప్రే, అగరోర్ వంటి మధ్యస్థ నౌకలు. గార్డియన్ స్థాయికి వెళ్లాలంటే మాత్రం చందా కట్టాలి, ఓపికా పట్టాలి. ఈ ఆటలో నైపుణ్యాలు నిజమైన గడియారంతో పెరుగుతాయి, లాజిస్టిక్స్ నైపుణ్యం చివరి మెట్టు ఒక్కదానికే మూడు నాలుగు వారాలు పడుతుంది. ఆటగాళ్లే 2004లో స్థాపించుకున్న ‘ఈవ్ యూనివర్సిటీ’ కొత్తవారికి పాఠాలు చెప్పి, సాధన దళాల్లోకి తీసుకుంటుంది. ఇతరుల దళంలో మొదటిరోజే వైద్యుడిగా చేరడానికి జంకేవారు అక్కడి నుంచి మొదలుపెట్టడం మేలు. నిజానికి లాజి నడుపుతానని ముందుకు వచ్చినవారిని వద్దనే దళపతి అరుదు. ఆ కొరత ఎప్పుడూ ఉండేదే.

తప్పులు కొన్ని అందరూ చేసేవే. పేర్ల పట్టికలో మునిగిపోయి తన నౌక ఎటు కొట్టుకుపోతోందో చూసుకోకపోవడం వాటిలో మొదటిది. అందుకే వైద్యులంతా ‘యాంకర్’ అనే ఒక నౌకను వెంబడిస్తూ కదులుతారు. అపరాధులుగా ముద్రపడినవారికి రక్షిత మండలాల్లో మరమ్మతు చేస్తే ఆ ముద్ర వైద్యుడికీ అంటుకుంటుందని తెలియకపోవడం రెండోది. ‘సేఫ్టీ’ అనే గుర్తును పచ్చగా ఉంచుకుంటే ఆట స్వయంగా అడ్డుపడుతుంది. తాను ప్రమాదంలో ఉన్నప్పుడు సంకేతం పంపడానికి సిగ్గుపడడం మూడోది, మిగతావాటికంటే హానికరమైనది కూడా. పదిమందికి సాయం చేసేవారు తమ కోసం ఒక్కమాట అడగడానికి వెనుకాడడం ఆటలకే పరిమితమైన జబ్బు కాదు. ఇక్కడ మాత్రం దాని ఫలితం కొన్ని సెకన్లలో తేలిపోతుంది.

ఇతర అంతరిక్ష ఆటల్లోనూ ఈ స్వభావం రకరకాలుగా మొలకెత్తింది. ‘ఎలీట్ డేంజరస్’లో ఇంధనం అయిపోయి దారితప్పినవారిని వెతికి ఇంధనం అందించే ‘ఫ్యూయల్ ర్యాట్స్’ బృందం 2015 నుంచి పనిచేస్తూ లక్షకు పైగా సార్లు ఆటగాళ్లను ఆదుకుంది. పగిలిన నౌకలను బాగుచేసే ‘హల్ సీల్స్’ దానికి తోబుట్టువు. ఆ బృందాల్లో చేరమని ఆట ఎవరినీ అడగలేదు, అందుకు బహుమతీ పెట్టలేదు.

ఈవ్‌లో ఒక నౌక కూలినప్పుడు దాన్ని ఎవరెవరు ఎంత కొట్టారో చెప్పే చీటీ, అంటే ‘కిల్‌మెయిల్’, తయారవుతుంది. ఆటగాళ్లు దాన్ని పతకంలా దాచుకుంటారు. కొట్టినవారిని నిలబెట్టిన వైద్యుడి పేరు అందులో ఉండదు. కూలకుండా మిగిలిన నౌకకైతే చీటీయే లేదు. కృష్ణానగర్‌లో ఉండే లైట్‌మన్‌కు సినిమా చివర ఎక్కిపోయే పేర్లలో ఒక వరస దక్కుతుంది, హాలు సగం ఖాళీ అయ్యాకైనా సరే. ఈవ్ లాజిలకు అలాంటి వరస రేక్యవిక్ నౌకాశ్రయం దగ్గర ఉంది: 2014లో సీసీపీ అక్కడ నిలబెట్టిన స్మారకం మీద ఆనాడు ఆడుతున్న పాత్రల పేర్లన్నీ చెక్కించింది, కూల్చినవారివీ, కాచినవారివీ ఏ తేడా లేకుండా. ఆ తరువాత చేరినవారికి అదీ లేదు.

వారికి మిగిలేది తమ తెరను తాము రికార్డు చేసుకున్న వీడియో. నేర్చుకునేవారు సాయంత్రం నాలుగున్నరకు, సర్వర్ ఆగి ఉన్న వేళ, ముందురాత్రి పోరాటాన్ని మెల్లగా తిప్పి చూసుకుంటారు: ఫలానా పేరు పట్టికలోకి వచ్చిన సెకను ఏది, తమ మొదటి యంత్రం వెలిగిన సెకను ఏది. రెండిటి మధ్య మొదటి వారంలో ఏడు సెకన్లు ఉన్నచోట ఇప్పుడు నాలుగు ఉంటే, ఆ మూడు సెకన్లు ఎక్కడి నుంచి వచ్చాయో వెతుకుతారు. చూపు పట్టిక మీదే నిలిచిందా, వేలు ముందే కంట్రోల్ మీట మీద ఉందా, లేక ఆ నౌకను ముందుగానే లాక్ చేసి ఉంచారా అని కాగితం మీద రాసుకుంటారు. కాసేపటికి సర్వర్ మళ్లీ తెరుచుకుంటుంది.